పొగగొట్టం గొంతు నొక్కిన మనిషి

నిప్పు లేనిదే పొగ రాదంటారు. 1790లలో లండన్ ఇళ్లలో మాత్రం నిప్పు కంటే పొగే ఎక్కువ. హాల్లో ఒక గోడకి మనిషి పట్టేంత గూడు, అందులో భగభగా మండే మంట, దానిమీద ఇంటి కప్పు దాటి పోయే ఇటుకల పొగగొట్టం. అదే ఫైర్‌ప్లేస్. సినిమాల్లో చూస్తే భలే హాయిగా కనిపిస్తుంది గానీ, దాని ముందు కూర్చున్నవాడికి మొహం మాడేది, వీపు గడ్డకట్టేది. గాలి కాస్త తిరగబడితే పొగంతా గదిలోకే. కర్టెన్లు నల్లబడేవి, కళ్ళు మండేవి, పుస్తకాల మీద మసి పడేది. బండ్ల కొద్దీ బొగ్గు, మోపుల కొద్దీ కట్టెలు తగలేసినా చలి చలిలాగే ఉండేది. వందల ఏళ్లుగా అందరూ దాన్ని తలరాత అనుకుని దగ్గుతూ బతికేశారు.

1796లో ఒకాయన వచ్చి, తాపీ మేస్త్రీని పిలిచి, ఆ గూట్లో కొన్ని ఇటుకలు అడ్డంగా పెట్టించాడు. పొగ పోయింది. గది వెచ్చబడింది. ఖర్చు కొద్దిపాటి ఇటుకలు, కాస్త సున్నం, మేస్త్రీ కూలి.

ఆయనే కౌంట్ రమ్‌ఫర్డ్. అసలు పేరు బెంజమిన్ థాంప్సన్. మనలో చాలామందికి ఈ పేరు ఫిజిక్స్ పుస్తకంలో ఒక్క పేరాలో తగిలి ఉంటుంది: ఫిరంగి గొట్టానికి రంధ్రం తొలుస్తుంటే నీళ్లు మరిగాయి, కాబట్టి వేడి అనేది పదార్థం కాదు అని. రెండు మార్కుల ప్రశ్న. ఆ రెండు మార్కుల వెనక ఉన్న మనిషి కథ మాత్రం వెబ్ సిరీస్‌కి సరిపోతుంది. గూఢచారి, కల్నల్, మంత్రి, వంటింటి ఇంజనీర్, భార్యాబిడ్డల్ని వదిలేసిన మొగుడు, ఇవన్నీ ఒక్కడే.

1753 మార్చి 26న అమెరికాలోని మసాచుసెట్స్‌లో, వోబర్న్ అనే చిన్న ఊళ్ళో పుట్టాడు. బోస్టన్‌కి దగ్గరే. అప్పటికింకా అమెరికా దేశం లేదు, బ్రిటిష్ వలస. ఊహ తెలియకముందే తండ్రి పోయాడు, తల్లి మళ్ళీ పెళ్లి చేసుకుంది. పదమూడేళ్లకి సేలం అనే ఊళ్ళో ఒక దుకాణంలో పనికి కుదిరాడు. బాణసంచా తయారు చేయబోయి ఒళ్ళు కాల్చుకున్నాడట. నిప్పుతో అతని పరిచయం అలా మొదలైంది. కాలేజీలో చేరే స్తోమత లేదు. వోబర్న్ నుంచి ఒక స్నేహితుడితో కలిసి కేంబ్రిడ్జ్‌కి నడిచి వెళ్లి హార్వర్డ్‌లో ఫిజిక్స్ ఉపన్యాసాలు విని, ఇంటికొచ్చి ఆ పరికరాలు సొంతంగా తయారు చేసుకునేవాడు. రోజూ మైళ్లు నడిచి వెళ్లి క్లాసు వినే సరదా ఎలాంటిదో 75 శాతం అటెండెన్స్ కోసం తంటాలు పడే మనకి అంత సులువుగా అర్థం కాదు.

1772లో, పంతొమ్మిదేళ్ల వయసులో, కాంకర్డ్ అనే ఊళ్ళో సారా రోల్ఫ్ అనే ధనవంతురాలైన వితంతువుని పెళ్లి చేసుకున్నాడు. ఆవిడ అతని కంటే పదేళ్లకు పైగా పెద్దది. ఆ ఊరి పాత పేరు రమ్‌ఫర్డ్. ఒక్క పెళ్లితో దుకాణం కుర్రాడు జమీందారైపోయాడు. గవర్నర్ కంట్లో పడ్డాడు, ఇరవై ఏళ్లకే మిలీషియాలో మేజర్ అయ్యాడు. ఏళ్ల తరబడి పనిచేసిన వాళ్లకి అది మండింది. అప్పటికే వలసల్లో స్వాతంత్ర్యం మంట రాజుకుంటోంది. ఇతను రాజుగారి పక్షం అని ఊరికి అనుమానం. 1774 చివర్లో ఊరి జనం మీదికి వస్తున్నారని తెలిసి బావమరిది గుర్రమెక్కి పారిపోయాడు. ఇంట్లో భార్య, రెండు నెలల పాప. చివరికి ఆ భార్యని శాశ్వతంగా వదిలేశాడు. 1792లో ఆవిడ చనిపోయింది.

జనం అనుమానం నిజమే. 1775లో అతను బోస్టన్‌లోని బ్రిటిష్ సైన్యానికి అదృశ్య సిరాతో రహస్య సమాచారం రాసి పంపాడు. ఆ ఉత్తరం బ్రిటిష్ జనరల్ కాగితాల్లో పడి ఉండి, 20వ శతాబ్దంలో గానీ బయటికి రాలేదు. కెమిస్ట్రీ తెలిసిన గూఢచారి అన్నమాట. 1776లో బ్రిటిష్ వాళ్లు బోస్టన్ ఖాళీ చేసినప్పుడు లండన్ చేరుకున్నాడు. వలసల వ్యవహారాలు చూసే మంత్రి దగ్గర చేరి, నాలుగేళ్లలో ఆ శాఖలోనే ఉపకార్యదర్శి అయ్యాడు. మధ్యలో తుపాకి మందు మీద ప్రయోగాలు చేసి 1779లో రాయల్ సొసైటీ సభ్యుడయ్యాడు. యుద్ధం చివర్లో కల్నల్‌గా మళ్ళీ అమెరికా వెళ్ళి, లాంగ్ ఐలాండ్‌లోని హంటింగ్టన్‌లో శ్మశానం మధ్యలో కోట కట్టించాడు. సమాధి రాళ్లతో రొట్టెల పొయ్యిలు కట్టారని, రొట్టె అడుగున చనిపోయినవాళ్ల పేర్లు అచ్చు పడేవని ఆ ఊరివాళ్లు తరతరాలుగా చెప్పుకుంటున్నారు. నిజమెంతో గానీ, అతని మీద ఆ ఊరికున్న అభిప్రాయం ఏమిటో మాత్రం తెలుస్తుంది.

యుద్ధం ఓడిపోయాక యూరప్‌లో ఉద్యోగ వేట. బవేరియా పాలకుడు కార్ల్ థియోడోర్ ఇతన్ని మ్యూనిక్‌కి పిలిపించుకున్నాడు. అక్కడే అతనిలోని అసలు ఇంజనీర్ బయటపడ్డాడు.

సైన్యానికి బట్టలు కావాలి, డబ్బు లేదు. ఊరినిండా బిచ్చగాళ్ళు. 1790 జనవరి 1న సైనికుల్ని పంపి మ్యూనిక్ వీధుల్లోని బిచ్చగాళ్ళని పట్టించి, వాళ్లకోసం సిద్ధం చేసిన పనిశాలలో చేర్చాడు. వెచ్చటి గది, వేడి తిండి, కూలి ఇచ్చి సైన్యానికి బట్టలు కుట్టించాడు. దయ అనాలా, లెక్క అనాలా? నా ఉద్దేశంలో అది లెక్కే. కానీ ఆ లెక్క వల్ల చలికాలంలో బతికి బట్టకట్టినవాళ్లకి దాని పేరుతో పనిలేదు. వాళ్లకి పెట్టే తిండి కూడా లెక్క ప్రకారమే: బార్లీ, బఠాణీ, బంగాళాదుంప, కాస్త వెనిగర్ వేసి గంటల తరబడి ఉడికించిన జావ. దానికి ఇప్పటికీ రమ్‌ఫర్డ్ సూప్ అనే పేరు.

వందల మందికి వండాలంటే కట్టెల ఖర్చు. ఆ ఖర్చు తగ్గించాలని చూస్తుంటే అతనికి ఒక సంగతి కొట్టొచ్చినట్టు కనిపించింది: కట్టెలో ఉన్న వేడిలో గిన్నెకి చేరేది పిసరంతే, మిగతాదంతా వంటవాడి మొహానికి, పొగగొట్టానికి. అందుకని మంటని నాలుగువైపులా ఇటుకలతో మూసేసి, ఒక్కో గిన్నెకి ఒక్కో చిన్న పొయ్యి, గాలి వచ్చే దారికి ఒక తలుపు, పొగ పోయే దారికి ఒక తలుపు పెట్టాడు. అంతవరకు మంట అంటే మంటే. ఇతను దాన్ని గాలి లోపలికొచ్చి, వేడెక్కి, బయటికి పోయే ఒక దారిగా చూశాడు. ఒకసారి కిటికీలో పెట్టిన పెద్ద థర్మామీటర్‌లో, స్పిరిట్‌లో తేలే దుమ్ము కణాలు ఎండలో మెరుస్తూ ఒక పక్క పైకి, ఇంకో పక్క కిందకి ప్రవహించడం గమనించాడు. మనం కన్వెక్షన్ అని మూడు మాటల్లో తేల్చేసేది అతను కళ్ళారా చూసింది అలా.

1791లో కౌంట్ బిరుదు వచ్చింది. ఏ ఊరు తనని తరిమిందో ఆ ఊరి పాత పేరే పెట్టుకున్నాడు. పొగరా, బెంగా అన్నది మీరే ఆలోచించుకోండి.

1795లో సెలవు మీద లండన్ వచ్చాడు. అప్పుడే ఫైర్‌ప్లేస్ పని పట్టాడు. ఇక్కడ కాస్త నిలబడి చూద్దాం, ఎందుకంటే ఇది మన సబ్జెక్టే.

పాత ఫైర్‌ప్లేస్ అంటే చతురస్రంగా, లోతుగా ఉన్న పెట్టె. మంట ఎక్కడో వెనక. పైన పొగగొట్టం మొదలయ్యే చోటు, దాన్నే గొంతు అంటారు, అది పెద్ద బావి నోరులా తెరుచుకుని ఉండేది. గొంతు ఎంత వెడల్పుంటే పొగ అంత బాగా పోతుందని మేస్త్రీల నమ్మకం. రమ్‌ఫర్డ్ సరిగ్గా దానికి ఎదురు చెప్పాడు. మంట నుంచి వచ్చే పొగ కొంచెమే. గొంతు వెడల్పుగా ఉంటే దానితోపాటు గదిలోని గాలి కూడా గుంపుగా పైకి పోతుంది. అంటే డబ్బు పెట్టి వెచ్చబరిచిన గాలి ఆకాశానికి, దాని చోటులోకి తలుపు సందుల్లోంచి చలిగాలి గదిలోకి. పైగా ఆ గాలి కలిసి పొగ చల్లబడుతుంది. చల్లబడ్డ పొగ బరువెక్కి, బద్ధకంగా లేచి, సుడి తిరిగి, గదిలోకే వచ్చి పడుతుంది.

పొగగొట్టాన్ని నడిపించేది ఒక్కటే: లోపలి వేడి గాలికీ బయటి చల్లగాలికీ సాంద్రతలో తేడా. ఆ తేడాని గొట్టం ఎత్తుతో, గురుత్వ త్వరణంతో గుణిస్తే పీడనంలో తేడా వస్తుంది. ఫ్లూయిడ్ మెకానిక్స్ మొదటి యూనిట్. పొగ ఎంత వేడిగా ఉంటే లాగుడు అంత బలం. అందుకని గొంతుని నొక్కి నాలుగు అంగుళాలకి కుదించాడు. సరిగ్గా మంటకి నిట్టనిలువుగా పైన ఉండేలా జరిపాడు. ముందు గోడ కింది అంచు పదునుగా ఉంటే గాలి చీలిపోతుందని గుండ్రంగా చేయించాడు. స్ట్రీమ్‌లైన్ అనే మాట అతనికి తెలియదు, చేసింది మాత్రం అదే.

ఇక గూడు ఆకారం. గదిని వెచ్చబరిచేది మంట నుంచి నేరుగా వచ్చే రేడియేషనే, గాలి కాదు అని అతను గ్రహించాడు. కాబట్టి మంటని ముందుకి లాగాలి, పక్క గోడలు అద్దాల్లా వేడిని గదిలోకి తిప్పికొట్టాలి. పక్క గోడల్ని వెనక గోడకి 135 డిగ్రీల్లో ఏటవాలుగా పెట్టించాడు. వెనక గోడ వెడల్పు ఎంతో గూటి లోతు అంతే, ముందు ద్వారం దానికి మూడింతలు. కాగితం మీద 45 డిగ్రీల గీతలు రెండు గీసి చూడండి, లెక్క అచ్చంగా కుదురుతుంది. లోతు సుమారు 13 అంగుళాలు చాలన్నాడు. లోపల ఇనుప పలకలు వద్దు, ఇటుక గానీ రాయి గానీ వాడి, సున్నం వెయ్యమన్నాడు. లండన్‌లో ఎక్కువగా బొగ్గు కాల్చేవారు, అమెరికాలో కట్టెలు. రెండింటికీ ఈ కొలతలు పనికొచ్చాయి.

ఒక చిన్న వివరం నాకు బాగా నచ్చింది. నాలుగు అంగుళాల గొంతులో మనిషి పట్టడు. మరి పొగగొట్టం శుభ్రం చేసేదెలా? ఆ రోజుల్లో ఆ పని చేసింది చిన్నపిల్లలు. ఎనిమిదేళ్ల లోపు వాళ్లని పెట్టుకోకూడదని 1788లో చట్టం వచ్చినా ఎవరూ పట్టించుకోలేదు. ఇరుకు గొట్టాల్లో మోకాళ్ళు, మోచేతులు ఊతగా పైకి పాకి మసి గీకేవాళ్ళు. ఊపిరాడక చచ్చిపోయినవాళ్ళున్నారు. పెద్దయ్యాక వాళ్ళకి వచ్చే క్యాన్సర్‌కి ఒంటికి పట్టిన మసే కారణమని పెర్సివల్ పాట్ అనే లండన్ సర్జన్ 1775లోనే రాశాడు. ఒక పనివల్ల క్యాన్సర్ వస్తుందని చూపించిన తొలి రచనల్లో అదొకటి. పిల్లల్ని గొట్టాలెక్కించడం నిజంగా ఆగింది 1875 చట్టంతో, అంటే ఇంకో వందేళ్లకి. రమ్‌ఫర్డ్ ఆ పిల్లల గురించి ఉద్యమమేమీ చెయ్యలేదు. కానీ తను కట్టిన వెనక గోడ పైభాగంలో తీసిపెట్టుకునే వీలున్న ఒక రాతి పలక ఉండాలని నియమం పెట్టాడు. శుభ్రం చేసేరోజు దాన్ని తీస్తే దారి, మిగతారోజుల్లో పెడితే గొంతు మూత. మెయింటెనెన్స్‌ని డిజైన్‌లోనే కలపడం అంటే ఇదే. మన ప్రాజెక్టుల్లో చివరి వారం దాకా గుర్తుకురాని విషయం.

కొన్ని నెలల్లోనే లండన్‌లో వందల ఇళ్లు మార్పించుకున్నాయి. అతను పేటెంట్ తీసుకోలేదు, కొలతలన్నీ 1796లో వ్యాసంగా అచ్చేసి ఎవరైనా కట్టుకోండన్నాడు. జేన్ ఆస్టిన్ నవల నార్తాంగర్ ఆబీలో, పాత కోటలాంటి ఇల్లు చూద్దామని ఆశగా వెళ్ళిన అమ్మాయికి అక్కడ రమ్‌ఫర్డ్ ఫైర్‌ప్లేస్ కనబడి ఉసూరుమంటుంది. అంత మామూలైపోయిందన్నమాట. అమెరికాలో జెఫర్సన్ తన మాంటిచెల్లో ఇంట్లో పెట్టించుకున్నాడు. 1800లో గిల్‌రే అనే కార్టూనిస్టు, రమ్‌ఫర్డ్ కోటు తోకలు పైకెత్తి మంట ముందు వెనక భాగం కాచుకుంటున్నట్టు బొమ్మ గీశాడు. మీమ్ అయ్యాడంటే ఫేమస్ అయినట్టే కదా.

ఇదంతా పాత కథే అయినా, మన సీనియర్లు ఎమ్మెస్‌కి వెళ్లి అద్దెకి దిగే ఇళ్లలో చాలాచోట్ల ఇప్పటికీ కట్టెల ఫైర్‌ప్లేస్ ఉంటుంది. మొదటి మంచు పడగానే ఫోటో కోసం వెలిగించాలనిపిస్తుంది. వెలిగించే ముందు రమ్‌ఫర్డ్ చూసినట్టు చూడాలి: గాలి ఎటునుంచి వస్తోంది, పొగ ఎటు పోతోంది?

గొంతు దగ్గర ఇప్పుడు రాతి పలక బదులు డాంపర్ అనే ఇనుప మూత ఉంటుంది. వెలిగించకముందే అది పూర్తిగా తెరిచి ఉందో లేదో టార్చి వేసి చూడాలి. గొట్టంలో చల్లగాలి గడ్డలా కూర్చుని ఉంటే పొగ ఎక్కదు. అప్పుడు ఒక కాగితం చుట్టి వెలిగించి గొంతు దగ్గర కాసేపు పట్టుకుంటే గొట్టం వేడెక్కి లాగుడు మొదలవుతుంది. వంటింట్లో ఎగ్జాస్ట్ ఫ్యాన్ తిరుగుతుంటే అది ఇంట్లో గాలిని బయటికి లాగేస్తూ పొగగొట్టంతో పోటీపడుతుంది, పొగ వెనక్కి వస్తుంది. ఫ్యాన్ ఆపి, కిటికీ వేలెడంత తెరవాలి. పెట్రోలు, కిరసనాయిలు పొయ్యకూడదు. రంగేసిన చెక్క, ప్లైవుడ్, అట్టపెట్టెలు, ప్లాస్టిక్ వెయ్యకూడదు. ముందు ఇనుప జాలీ ఉండాలి. సోఫా, కార్పెట్, పిల్లలు ఒక మీటరు అవతల.

అసలు ప్రమాదం మాత్రం కంటికి కనబడే చోట లేదు, గొట్టం లోపల ఉంది. పచ్చి కట్టెలో బరువులో దాదాపు సగం నీళ్లే ఉండొచ్చు. ఒక కిలో నీటిని ఆవిరి చెయ్యడానికే 2.26 మెగాజౌళ్ళు పోతాయి. మంట చల్లబడుతుంది, సరిగ్గా కాలని పొగ గొట్టం గోడల మీద చల్లారి తారులా అంటుకుంటుంది. దాన్ని క్రియోసోట్ అంటారు. మొదట్లో బూడిదలా, తర్వాత పెచ్చుల్లా, చివరికి నల్లటి గాజులా గట్టిపడుతుంది. అది మంచి ఇంధనం. ఏదో ఒక రాత్రి మంట ఎగిసి అది అంటుకుందంటే గొట్టం లోపలే 1,000 డిగ్రీల సెల్సియస్ దాటొచ్చు. రైలు వెళ్తున్నట్టు హోరు వినబడుతుంది. ఇటుక పగిలి పక్కనున్న చెక్క దూలాలు అంటుకుంటాయి. అలాంటప్పుడు హీరోయిజం వద్దు, అందరూ బయటికొచ్చి ఫైర్ స్టేషన్‌కి ఫోన్ చెయ్యడమే. మంట దానంతటదే ఆరినా సరే, గొట్టాన్ని తెలిసినవాళ్లు పరీక్షించేదాకా మళ్ళీ వెలిగించకూడదు.

అందుకే కట్టె కొట్టాక కనీసం ఆరునెలలు, గట్టి కట్టె అయితే ఏడాదికి పైనే, పైన కప్పి పక్కలు తెరిచి ఎండనివ్వాలి. తేమ 20 శాతం లోపు ఉండాలి. మీటరు లేకపోతే రెండు కట్టెలు ఒకదానికొకటి కొట్టి చూడండి. ఎండినది టంగుమంటుంది, పచ్చిది దబ్‌మంటుంది. చివర్లు నెర్రెలు విచ్చి ఉంటాయి. మన పల్లెల్లో పొయ్యి ముందు కూర్చున్న ఏ అమ్మమ్మని అడిగినా ఇదే చెబుతుంది. ఏడాదికోసారి, చలికాలం మొదలవకముందే, గొట్టం పరీక్ష చేయించాలి. లోపల మసి 3 మిల్లీమీటర్లు పేరుకుంటే శుభ్రం చేయించాల్సిందే. అద్దె ఇల్లయితే చివరిసారి ఎప్పుడు చేయించారో ఇంటి ఓనర్ని మొహమాటం లేకుండా అడగాలి. జవాబు రాకపోతే వెలిగించకపోవడమే మేలు.

ఇంకొకటి కార్బన్ మోనాక్సైడ్. రంగు లేదు, వాసన లేదు. మన రక్తంలోని హీమోగ్లోబిన్‌ని ఆక్సిజన్ కంటే రెండు వందల రెట్లకు పైగా గట్టిగా పట్టుకుంటుంది. తలనొప్పి, వికారం, మత్తు, తర్వాత నిద్ర. వెచ్చగా ఉండాలని ఎర్రటి నిప్పులు మిగిలుండగానే డాంపర్ మూసి పడుకుంటే జరిగేది ఇదే. నిప్పు పూర్తిగా చల్లారేదాకా గొంతు తెరిచే ఉండాలి. పడకగదుల దగ్గర మోనాక్సైడ్ అలారం, పొగ అలారం ఉండాలి. బూడిదలో దాగిన నిప్పు రోజుల తరబడి బతికే ఉంటుంది కాబట్టి దాన్ని మూత ఉన్న ఇనుప డబ్బాలో వేసి ఇంటి బయట, చెక్క మెట్ల మీద కాకుండా నేల మీద పెట్టాలి. అమెరికా దాకా ఎందుకు, లంబసింగి, అరకు ట్రిప్పుల్లో చలికి తట్టుకోలేక కుంపటి గదిలో పెట్టుకుని తలుపులేసుకుంటారే, దానికి పొగగొట్టమే లేదు. బొగ్గు కుంపటికి పొగ కూడా కనబడదు, అందుకే ఎవరికీ భయం వెయ్యదు. మూసిన గదిలో కుంపటి పెట్టుకుని పడుకోవద్దు. ఈ ఒక్క వాక్యం మీ గ్రూపుల్లో ఫార్వర్డ్ చేసినా చాలు.

గాలి దారి చూడటం అన్న ఇదే ఆలోచన మన హైదరాబాద్‌లోనూ పనిచేసింది. ఇక్కడి ఇంజనీరింగ్ రీసెర్చ్ లాబొరేటరీలో డాక్టర్ ఎస్.పి. రాజు మట్టితోనే కట్టుకోగల, గొట్టం ద్వారా పొగ బయటికి పంపే పొయ్యిని రూపొందించి, 1950లలో దాని మీద పుస్తకం వేశారు. పొగలేని పొయ్యిల చరిత్ర రాసేవాళ్ళు ఆ పొయ్యిని తప్పకుండా ప్రస్తావిస్తారు. మన ఊళ్ళో పుట్టిన పని మనకే తెలియకపోవడం బాధాకరం.

మళ్ళీ రమ్‌ఫర్డ్ దగ్గరికి. అదే 1796లో, ఇరవై ఒక్కేళ్ల కూతురు సారా అమెరికా నుంచి లండన్ వచ్చింది. పుట్టాక తండ్రిని చూడటం అదే మొదటిసారి లెక్క. ఆమెని వెంటబెట్టుకుని మ్యూనిక్ వెళ్ళాడు. అక్కడ ఆయుధశాలలో ఫిరంగులు తొలుస్తుంటే లోహం విపరీతంగా వేడెక్కడం చూశాడు. అప్పట్లో వేడి అంటే కెలోరిక్ అనే ఒక ద్రవం అని అందరి నమ్మకం. ఆ పేరు పెట్టి, మూలకాల జాబితాలో చేర్చినవాడు మహానుభావుడు లావోజియే. అదే నిజమైతే లోహంలోని కెలోరిక్ ఎప్పుడో ఒకప్పుడు అయిపోవాలి. రమ్‌ఫర్డ్ మొద్దుబారిన బోరు పెట్టి, గుర్రాలతో తిప్పించి, ఫిరంగి చుట్టూ నీటిపెట్టె అమర్చాడు. రెండున్నర గంటలకి నీళ్లు మరిగాయి. మంట లేకుండా నీళ్లు మరగడం చూసి చుట్టూ ఉన్నవాళ్ళు నోళ్ళు వెళ్ళబెట్టారు. ఎంతసేపు తిప్పితే అంతసేపు వేడి వస్తూనే ఉంది. తరగనిది పదార్థం కాదు, అది కదలికే అన్నాడు. 1798లో ఆ పేపరు వచ్చింది. లోకం ఒప్పుకోవడానికి జౌల్ దాకా, ఇంకో నలభై ఏళ్లకు పైగా పట్టింది.

1799లో లండన్‌లో రాయల్ ఇన్‌స్టిట్యూషన్ స్థాపనకి ముఖ్య కారకుడయ్యాడు. సైన్సుని మామూలు జనం బతుకులోకి తేవాలని ఉద్దేశం. హంఫ్రీ డేవీని, థామస్ యంగ్‌ని అక్కడ చేర్చుకున్నాడు. తర్వాత డేవీ చేరదీసిన ఫారడే జీవితమంతా పనిచేసింది ఆ భవనంలోనే. రాయల్ సొసైటీకి వెయ్యి పౌండ్లిచ్చి వేడి, కాంతి మీద పరిశోధనకి రమ్‌ఫర్డ్ పతకం పెట్టించాడు. 1802లో మొట్టమొదటి పతకం ఎవరికొచ్చిందో చెప్పుకోండి. రమ్‌ఫర్డ్‌కే. అర్హత లేదని ఎవరూ అనలేరు, నవ్వకుండా మాత్రం ఉండలేం. అందరితో గొడవపడి, ఆ సంస్థని కూడా వదిలేసి పారిస్ చేరాడు.

అక్కడ పెళ్లి చేసుకున్నది ఎవర్నో కాదు, లావోజియే భార్య మేరీ ఆన్‌ని. 1794లో విప్లవకారులు లావోజియే తల నరికాక ఆవిడ ఒంటరి. కెలోరిక్‌ని పుట్టించినవాడి భార్యని కెలోరిక్‌ని చంపబోయినవాడు కట్టుకున్నాడు. ఆవిడ సామాన్యురాలు కాదు, లావోజియే ప్రయోగాల బొమ్మలు గీసింది, అతనికోసం ఇంగ్లీషు సైన్సు రచనల్ని ఫ్రెంచిలోకి అనువదించింది. మొదటి భర్త పేరు వదులుకోనని షరతు పెట్టి మరీ పెళ్లాడింది. ఆవిడకి ఇంటినిండా అతిథులు కావాలి, ఇతనికి నిశ్శబ్దం కావాలి. ఒకసారి విందుకొచ్చేవాళ్ళు లోపలికి రాకుండా ఇతను గేటుకి తాళం వేయించాడు. ఆవిడ వెళ్లి అతను ప్రాణంగా పెంచుకున్న పూలమొక్కల మీద సలసలా మరిగే నీళ్లు పోసింది. ఈ సంగతి కూతురికి రాసిన ఉత్తరంలో అతనే మొరపెట్టుకున్నాడు. 1809లో విడిపోయారు.

చివరి ఏళ్లు పారిస్ పక్కన ఓత్యూయ్‌లో, కాఫీ కాచే పాత్రలు, దీపాలు, బండి చక్రాల మీద ప్రయోగాలతో గడిచాయి. చలికాలంలో తెల్ల కోటు, తెల్ల టోపీ వేసుకుని తిరిగేవాడట, తెలుపు తక్కువ వేడిని బయటికి వదులుతుందని. వీధిలో జనం వింతగా చూసేవారు. ఒంటి వేడి దగ్గరి ఇన్‌ఫ్రారెడ్‌లో తెల్లబట్టకీ నల్లబట్టకీ పెద్ద తేడా ఉండదని ఇప్పుడు మనకి తెలుసు. అయినా నమ్మినదాన్ని ఒంటి మీద వేసుకుని నడిచిన మనిషి. 1814 ఆగస్టు 21న జ్వరంతో చనిపోయాడు. హార్వర్డ్‌లో తన పేరున ఒక ప్రొఫెసర్ పదవికి డబ్బు రాసిపెట్టాడు, తను ఎప్పుడూ విద్యార్థిగా చేరలేకపోయిన చోట.

కూతురు సారా పెళ్లి చేసుకోలేదు. చివరికి కాంకర్డ్‌లోని పుట్టినింటికే, 1774లో తండ్రి వదిలి పారిపోయిన ఆ ఇంటికే తిరిగొచ్చి, 1852లో అక్కడే కన్నుమూసింది. ఆ ఇంటిని తల్లిలేని ఆడపిల్లలకి ఆశ్రమంగా రాసిచ్చి వెళ్ళింది.